గురక ఆగినప్పుడు లెక్కపెట్టు

పాఠకురాలి ఉత్తరం:

అక్కా, నమస్తే. మాది పరకాల పక్కన పల్లె. మా ఆయనకు 44 ఏండ్లు. సొంత డీసీఎం నడుపుతాడు. సీజన్‌లో పత్తి, మిర్చి లోడ్లు ఏనుమాముల మార్కెట్‌కు వేస్తాడు. నేను ఇంట్లోనే మిషన్ మీద బట్టలు కుడతాను. ఆయనకు గురక మొదటి నుంచీ ఉంది గానీ, రెండు మూడేండ్ల సంది మరీ ఎక్కువైంది. గట్టిగా గురక పెడుతూ పెడుతూ ఉన్నట్టుండి చప్పుడు ఆగిపోతుంది. పొట్ట ఎగురుతూనే ఉంటుంది, ఊపిరి మాత్రం రాదు. నేను భయపడి భుజం తట్టేలోపు గుర్రుమని ఒక్కసారి ఎగపీల్చి మళ్ళీ మొదలుపెడతాడు. రెండు పెగ్గులు వేసిన రాత్రి ఇంకా ఎక్కువ. రాత్రి మూడు నాలుగు సార్లు ఒంటేలుకు లేస్తాడు. తెల్లారి తల దిమ్ముగా ఉందంటాడు. పగలు కూర్చుంటే చాలు కునుకుతాడు. బీపీకి రెండు రకాల గోలీలు మింగుతున్నా తగ్గడం లేదు. చిన్నదానికీ పెద్దదానికీ కసురుకుంటాడు. పోయిన నెల తెల్లవారుజామున మార్కెట్ నుంచి ఖాళీ బండితో వస్తూ గూడెప్పాడ్ దాటాక రోడ్డు దిగి మట్టిలోకి పోయాడు. ఎదురు బండి లైటు కండ్లల్ల కొట్టిందన్నాడు. నాకు నమ్మబుద్ధి కాలేదు. డాక్టర్ దగ్గరికి పోదామంటే "గురక రోగమా? మా బాపు గురక పెట్టుకుంటనే డెబ్బై ఏండ్లు బతికిండు" అంటాడు. ఆయన లావు కూడా కాదు, కొంచెం పొట్ట ఉంది, అంతే. నిద్ర సరిగ్గా పట్టడం లేదంటే ఊళ్ళో ఆర్‌ఎంపీ నిద్రగోలీలు ఇచ్చాడు. ఇది నిజంగా రోగమేనా? ఎవరికి చూపించాలి? ఆయనను ఎట్లా ఒప్పించాలి? ఇంకో మాట. మా చిన్నోడికి తొమ్మిదేండ్లు. వాడు కూడా నోరు తెరుచుకుని గురక పెడతాడు. అచ్చం తండ్రి పోలికే అని మా అత్తమ్మ నవ్వుతుంది.

ఒక చెల్లె, పరకాల దగ్గరి నుంచి

సమాధానం:

చెల్లె,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. రెండోసారి పెన్సిల్‌తో ఒక వాక్యం కింద గీత గీశాను. "పొట్ట ఎగురుతూనే ఉంటుంది, ఊపిరి మాత్రం రాదు." ఈ ముక్క ఏ ఛాతీ డాక్టర్ ముందు చెప్పినా ఆయన రాస్తున్న పెన్ను ఆపి నీ వైపు చూస్తాడు. దీన్ని స్లీప్ ఆప్నియా అంటారు, అంటే నిద్రలో ఊపిరి ఆగడం. రోగమే. పరీక్ష చేయించకుండా ఖాయంగా ఉందని చెప్పడానికి నేను డాక్టర్‌ను కాను. కానీ ఆరేండ్లుగా ముక్కుకు మాస్కు పెట్టుకుని పడుకుంటున్న మనిషిని కాబట్టి, నువ్వు రాసిన ప్రతి లక్షణమూ నాకు తెలిసిన ముఖంలాగే కనబడింది.

అన్నిటికంటే ముందు ఒక మాట. ఆ గూడెప్పాడ్ సంగతి నువ్వు నమ్మకపోవడమే మంచిదైంది. 60 స్పీడులో పోయే బండి సెకనుకు 16 మీటర్లకు పైగా పోతుంది. మూడు సెకన్లు కండ్లు మూతపడితే 50 మీటర్లు డ్రైవర్ లేకుండా పోయినట్టే లెక్క. ఈ జబ్బుకు వైద్యం తీసుకోనివాళ్ళకు రోడ్డు ప్రమాదాల ముప్పు మిగతావాళ్ళ కంటే రెండింతలకు పైగా ఉంటుంది. వైద్యం మొదలై పగటి తూగు తగ్గేదాకా ఆయన బండి నడపకూడదు, రాత్రి లోడ్లు అసలే వద్దు. పొద్దున మార్కెట్‌లో ధర కట్టే జెండా పాట వేళకు బస్తాలు యార్డులో ఉండాలి, అందుకే రాత్రి బయల్దేరతారని నాకు తెలుసు. కిరాయి డ్రైవర్‌ను పెట్టండి. సీజన్‌లో డబ్బులు మిగలవు, నిజమే. ఆ నష్టం ఎంతో నువ్వే లెక్క వేసుకో, తర్వాత ఆ మట్టిలోకి దిగిన చోట చెట్టు ఉండి ఉంటే అన్న లెక్క కూడా వేసుకో.

ఇక ఊపిరి ఎందుకు ఆగుతుందంటావా, మీ బావి దగ్గరి మోటారు చూస్తే తెలుస్తుంది. బావిలోకి దిగే సక్షన్ పైపు గట్టిగా ఉంటుంది, చుట్టూ చుట్లు చుట్లుగా. నీళ్ళు బయటికి పోసే డెలివరీ పైపు మాత్రం మెత్తటిదైనా, చుట్ట చుట్టి చంకన పెట్టుకునేదైనా నడుస్తుంది. సక్షన్ వైపు ఆ మెత్తటి పైపు బిగిస్తే మోటారు మొదటి గుంజుకే రెండు వైపులా అతుక్కుపోతుంది, చుక్క నీరు రాదు. మన గొంతు పైభాగం ఆ మెత్తటి పైపులాంటిది. నాలుక వెనక నుంచి మాట పుట్టే చోటి దాకా చుట్టూ గట్టి ఎముక గొట్టమేమీ లేదు, కండరాలే దాన్ని తెరిచి ఉంచుతాయి. మెలకువగా ఉన్నంతసేపూ అవి బిగువుగా ఉంటాయి. నిద్ర పట్టగానే సడలుతాయి, నాలుక మొదలు వెనక్కి జారుతుంది. సందు సన్నబడితే గాలి అదురుతూ పోతుంది, అదే గురక. పూర్తిగా మూసుకుపోతే చప్పుడే ఉండదు. కింద మోటారు గుంజుతూనే ఉంటుంది, పొట్ట ఎగురుతుంది, గాలి రాదు.

పది సెకన్లు ఆగొచ్చు, ముప్పై ఆగొచ్చు, ఒక్కోసారి నిమిషం కూడా. రక్తంలో ఆక్సిజన్ పడిపోతుంది. మెదడు ఉలిక్కిపడి గొంతును తెరుస్తుంది, నువ్వు విన్న ఆ గుర్రుమనే చప్పుడు అప్పటిది. ఆయనకు మెలకువ వచ్చిన సంగతి కూడా ఆయనకు తెలియదు. ఇట్లా గంటకు ఎన్నిసార్లు అవుతుందన్నదే ఈ జబ్బు కొలత. పెద్దవాళ్ళలో 5 లోపు ఫరవాలేదు. 5 నుంచి 15 లోపు తక్కువ రకం, 30 లోపు మధ్యరకం, 30 నుంచి తీవ్రం. గంటకు 30 అంటే రెండు నిమిషాలకోసారి ఎవరో వచ్చి భుజం పట్టి ఊపినట్టు. అట్లా ఎనిమిది గంటలు పడుకుని లేచిన మనిషి కసురుకోక ఏం చేస్తాడు చెప్పు.

బీపీ తగ్గకపోవడం కూడా ఇందులోదే కావచ్చు. మామూలుగా నిద్రలో బీపీ కొంచెం దిగి, గుండె రాత్రంతా తేలిగ్గా పని చేసుకుంటుంది. ఈయనకు ఊపిరి ఆగిన ప్రతిసారీ పైకి ఎగబాకుతుంది. రెండు మూడు రకాల గోలీలకు లొంగని బీపీ ఉన్నవాళ్ళలో ఈ జబ్బు చాలామందికి బయటపడుతుంది. ఒంటేలు సంగతి వింటే ఆశ్చర్యపోతావు. మూసుకుపోయిన గొంతుతో గాలి కోసం గుంజినప్పుడు ఛాతీ లోపల ఒత్తిడి మారి గుండె గదులు సాగుతాయి. ఒంట్లో నీరు ఎక్కువైందనుకుని గుండె ఒక హార్మోన్ వదులుతుంది, కిడ్నీలు వెంటనే నీటిని బయటికి పంపుతాయి. రాత్రి పదే పదే లేవడానికి షుగర్, ప్రోస్టేట్ కూడా కారణాలు కావచ్చు కాబట్టి అవీ చూపించండి. తెల్లారి తల దిమ్ము కూడా రాత్రంతా ఊపిరి సరిగ్గా ఆడకపోవడం వల్లే కావచ్చు.

లావు లేడు కదా అన్నావు. లావు ఒక కారణం, పెద్ద కారణమే, అదొక్కటే మాత్రం కాదు. కింది దవడ కాస్త వెనక్కి ఉన్నవాళ్ళకు, నోరు ఇరుకుగా ఉన్నవాళ్ళకు, టాన్సిల్స్ పెద్దవైనవాళ్ళకు, థైరాయిడ్ తగ్గినవాళ్ళకు సన్నగా ఉన్నా రావచ్చు. మన దేశంవాళ్ళలో తక్కువ బరువుకే వస్తుందని డాక్టర్లు చెబుతారు. మీ మామగారి సంగతి అంటావా, ఆయనకూ ఉండి ఉండొచ్చు, అప్పుడు ఎవరు చూశారు? ఆయన ఎడ్లబండి మీద కునుకు తీస్తే ఎడ్లే ఇంటికి తెచ్చి దింపేవి. డీసీఎంకు ఇంటి దారి తెలియదు.

నా కథ కొంచెం చెబుతాను, ఆయనను ఒప్పించే ఉపాయం అందులో ఉంది. నాకు 52 ఏండ్లప్పుడు, ముట్లు ఆగిన రెండేండ్లకు మొదలైంది. హన్మకొండలో టీచరుగా చేసేదాన్ని. స్టాఫ్‌రూంలో పేపర్లు దిద్దుతుంటే మార్కు వేయబోయిన ఎర్రసిరా గీత పక్కకు జారి, పేజీ అంచు దాకా పోయేది. పిల్లల పేపర్ల మీద అట్లాంటి గీతలు ఎన్నో. తెల్లారి తలనొప్పి, మతిమరుపు, ఊరికే ఏడుపు. ఒక డాక్టర్ థైరాయిడ్ చూసి, అంతా బాగానే ఉంది, వయసు, టెన్షన్ అన్నాడు. ఇంకొకాయన నిద్రగోలీ రాశాడు. ఇద్దరిలో ఒక్కరూ గురక పెడతారా అని అడగలేదు, ఆడమనిషిని కదా. అడిగినా నేను కాదనే చెప్పేదాన్ని, గురక పెట్టే ఆడది అనిపించుకోవడం నాకే నామోషీ. ముట్లు ఆగాక ఆడవాళ్ళకు ఈ ముప్పు పెరుగుతుంది, పైగా మగవాళ్ళలా పెద్ద గురకతో కాకుండా నీరసం, నిద్రపట్టకపోవడం, దిగులు రూపంలో కనబడుతుంది. అందుకే ఏండ్ల తరబడి తేలదు.

ఒక సాయంత్రం అదాలత్ సెంటర్ దగ్గర సిగ్నల్ పడింది. కాలు కింద పెట్టి స్కూటీ మీద కూర్చున్నాను. తర్వాత నాకు గుర్తున్నది వెనక ఆటో హారన్, "మేడమ్, పండుకున్నవా ఏంది" అన్న గొంతు. పచ్చలైటు వచ్చి పోయి మళ్ళీ ఎర్రలైటు పడింది. స్కూటీ ఆగి ఉంది కాబట్టి ఈ ఉత్తరానికి జవాబు రాస్తున్నాను. ఇంటికొచ్చి చెబితే మా ఆయన ఏమీ అనలేదు. ఆ రాత్రి ఫోన్‌లో నా వీడియో తీశాడు. తర్వాత చూపిస్తే నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. నన్ను అందరిలో పరువు తీయడానికే తీశావా అని మూడు రోజులు మాట్లాడలేదు. నాలుగో రోజు ఎవరూ లేనప్పుడు నేనే మళ్ళీ పెట్టుకుని చూశాను. గురక పెద్దగా లేదు. ఒక చోట ఊపిరి ఆగింది. ఎప్పుడు తీసుకుంటానా అని నా వీడియో నేనే చూస్తూ, నా ఊపిరి బిగబట్టుకుని కూర్చున్నాను. ఇరవై రెండు లెక్కపెట్టాక వచ్చింది. మర్నాడు డాక్టర్ దగ్గరికి బయల్దేరింది నేనే.

కాబట్టి నువ్వు చేయాల్సిన మొదటి పని అది. గురక ఆగినప్పుడు గోడ గడియారం చూసి లెక్కపెట్టు. పది దాటిందంటే లెక్కలోకి వచ్చినట్టే. తెల్లవారుజామున, నాలుగు గంటల ప్రాంతంలో ఎక్కువగా కనబడొచ్చు, కలలు వచ్చే నిద్రలో కండరాలు ఇంకా సడలుతాయి. వెల్లకిలా పడుకున్నప్పుడు కూడా అంతే. రెండు మూడు నిమిషాల వీడియో చాలు, పొట్టా ముఖమూ రెండూ కనబడాలి. దాన్ని మీ అత్తమ్మకు గానీ, ఆయన అన్నదమ్ములకు గానీ చూపించకు. రాత్రి గొడవలోనూ తీసుకురాకు. లోడు లేని రోజు, అన్నం తిని చల్లగా ఉన్నప్పుడు ఆయన చేతిలో పెట్టి నువ్వు పక్కకు వెళ్ళిపో. డ్రైవర్‌కు డ్రైవర్ భాషలోనే చెప్పు. ఎయిర్ ఫిల్టర్ మూసుకుపోయిన బండి లోడు లాగుతుందా, ఇంజన్ వేడెక్కదా అని అడుగు. బండికి గడువు ప్రకారం ఫిట్‌నెస్ చేయిస్తాడు కదా.

నీకు ఇంకో పని. 2008లో కెనడాలోని టొరంటోలో మత్తు డాక్టర్లు ఎనిమిది ప్రశ్నల చిట్టా ఒకటి తయారుచేశారు. ఆపరేషన్‌కు ముందు ఎవరికి ఈ జబ్బు ఉండొచ్చో పట్టుకోవడానికి. స్టాప్‌బ్యాంగ్ అంటారు దాన్ని. గట్టి గురక, పగటి అలసట, ఊపిరి ఆగడం ఎవరైనా చూడటం, బీపీ, బీఎంఐ (ఎత్తుకు బరువు లెక్క) 35 దాటడం, వయసు 50 దాటడం, మెడ లావు, మగవాడు కావడం. ఒక్కోదానికి ఒక మార్కు. అయిదు, ఆపైన వస్తే ముప్పు ఎక్కువని అర్థం. మీ ఆయనకు వయసు మార్కు, బరువు మార్కు లేకపోయినా నీ ఉత్తరంలోనే అయిదు పడ్డాయి. మెడ ఒక్కటి మిగిలింది. మిషన్ మీద వేలాడే టేపు తీసుకుని కంఠం దగ్గర చుట్టి చూడు, కాలర్‌కు కొలత తీసినట్టే, వేలు సందు మాత్రం వదలకు. మగవాళ్ళకు 17 అంగుళాలు, ఆడవాళ్ళకు 16 అంగుళాలు గీత. కొలిచి కాగితం మీద రాసుకో. చొక్కా కుడతానని చెప్పి కొలిస్తే అనుమానం కూడా రాదు.

కరోనా అప్పుడు కొన్న ఆక్సీమీటర్ ఇంట్లో ఉంటే పగలు వేలికి పెట్టి ఆక్సిజన్ 98 చూపిస్తోంది కదా, బాగానే ఉన్నానని ఆయన వాదించొచ్చు. మెలకువలో నాకూ 98 ఉండేది. నిద్రలో 76కు పడింది.

ఎవరికి చూపించాలంటే, ఛాతీ డాక్టర్ అంటే పల్మనాలజిస్ట్‌కు, లేదా ఈఎన్‌టీ డాక్టర్‌కు. హన్మకొండలో, వరంగల్‌లో ఇద్దరూ దొరుకుతారు. ఖర్చు గురించి దిగులైతే వరంగల్ సర్కారు దవాఖాన ఎంజీఎంలో పొద్దున్నే ఓపీ చీటీ రాయించుకోండి, అక్కడి నుంచి ఏ పరీక్ష ఎక్కడ చేయించాలో వాళ్ళే చెబుతారు. వీడియో, మెడ కొలత, బీపీ గోలీల అట్టలు, ఆ నిద్రగోలీల అట్ట అన్నీ తీసుకుని పో. నువ్వు కూడా లోపలికి పో. ఆయన ఒక్కడే పోతే "నిద్ర మంచిగనే పడ్తది సార్" అని చెప్పి వచ్చేస్తాడు. అబద్ధం కూడా కాదు పాపం, ఆయనకు తెలిసింది అంతే. రాత్రి జరిగేదానికి సాక్షివి నువ్వు.

డాక్టర్ స్లీప్ స్టడీ రాస్తాడు. ఒక రాత్రి ఆస్పత్రిలో పడుకోవాలి. తలకు, కండ్ల పక్కన, గడ్డం కింద, ఛాతీకి, కాళ్ళకు వైర్లు అతికిస్తారు. ఛాతీకీ పొట్టకూ బెల్టులు, ముక్కు కింద సన్న గొట్టం, వేలికి క్లిప్పు. నన్ను అట్లా తయారుచేసి నిలబెట్టాక అద్దంలో చూసుకుంటే గంగిరెద్దు గుర్తొచ్చింది. ఒక్క సూది గుచ్చరు, మత్తు ఇవ్వరు. ఇన్ని వైర్లతో నిద్రేం పడుతుందనుకున్నాను, పది నిమిషాల్లో పట్టేసింది. ఆ తొందరగా పట్టడం కూడా జబ్బు లక్షణమేనట. చిన్న మిషన్ ఇచ్చి ఇంట్లోనే రాత్రి పెట్టుకుని రమ్మనే పరీక్ష కూడా ఉంది. అనుమానం గట్టిగా ఉండి వేరే జబ్బులేవీ లేనివాళ్ళకు అది సరిపోతుంది, ఖర్చూ తక్కువ. మీ ఆయనలాంటి వాళ్ళకు ఏది మేలో డాక్టర్‌నే అడుగు. నాకు గంటకు 34 వచ్చింది.

వైద్యానికి వస్తే, మధ్యరకం, తీవ్రం అని తేలితే ఎక్కువగా చెప్పేది సీప్యాప్ మిషన్. ముందు చెప్పిన మోటారు పైపే మళ్ళీ. మెత్తటి పైపు గుంజితే అతుక్కుంటుంది, లోపలి నుంచి నీళ్ళు తోస్తే మాత్రం ఉబ్బి నిలబడుతుంది. ఈ మిషన్ ముక్కులోంచి గాలిని కొద్ది ఒత్తిడితో తోసి గొంతును తెరిచి ఉంచుతుంది, అంతకు మించి ఏమీ చేయదు. ఆక్సిజన్ సిలిండర్ కాదు, వెంటిలేటర్ అంతకన్నా కాదు. ఆస్ట్రేలియాలో కాలిన్ సలివన్ అనే డాక్టర్ 1980లో వాక్యూమ్ క్లీనర్ మోటారుతో మొదట తయారుచేసి, 1981లో ప్రకటించాడు. ఇప్పటి మిషన్లు టిఫిన్ డబ్బా అంత ఉంటాయి, చప్పుడు ఫ్యాన్ కంటే తక్కువ.

తేలిగ్గా అలవాటవుతుందని నేను చెప్పను. మొదటి రాత్రి రెండు గంటలకు పీకి అవతల పారేశాను. ఊపిరి ఆడనట్టు, ఎవరో మూతి నొక్కినట్టు అనిపించింది. మా మనవడు ఏనుగు తొండమని పేరు పెట్టాడు. మాస్కుల్లో సైజులుంటాయి, ముక్కుకు మాత్రమే పెట్టేవి, ముక్కూ నోరూ రెండూ కప్పేవి, ముక్కు రంధ్రాల దగ్గర చిన్న దిండులా ఆనేవి. నాకు మూడోది సరిపోయింది. పగలు టీవీ చూస్తూ అరగంట పెట్టుకోవడం అలవాటు చేసుకున్నాను. రెండు వారాలు పట్టింది. మొదటిసారి రాత్రంతా ఉంచుకున్న రోజు తెల్లారి ఆరింటికి లేచి, రాత్రి ఒక్కసారీ బాత్రూంకు లేవలేదని గుర్తొచ్చి మంచం మీదే కూర్చుండిపోయాను. ఎన్నేండ్లయిందో అట్లా. రాత్రికి కనీసం నాలుగు గంటలైనా ఉండాలంటారు, ఉన్నంతసేపే ఫలితం కాబట్టి రాత్రంతా ఉంటేనే మేలు.

డబ్బు సంగతి దాచను. నేను కొన్నప్పుడు మాస్కుతో కలిపి నలభై వేల పైచిలుకు అయింది. కొనేముందు నెల రెండు నెలలు కిరాయికి ఇచ్చేవాళ్ళుంటారు, మాస్కు ఏది సరిపోతుందో అప్పుడే తేలుతుంది. డాక్టర్ రాసిన ఒత్తిడి నంబర్ లేకుండా ఎవరి పాత మిషనో తెచ్చి పెట్టుకోవద్దు. గాలిని తేమగా చేయడానికి నీళ్ళ డబ్బాను వేడిచేసే ఏర్పాటు వాడకపోతే కరెంటు పెద్దగా తినదు, నెలకు పది యూనిట్ల చుట్టుపక్కల. ఇన్వర్టర్ మీద నడుస్తుంది. వేడి డబ్బా వాడితే బోరు నీళ్ళు పోయకు, మెడికల్ షాపులో డిస్టిల్డ్ వాటర్ దొరుకుతుంది. మాస్కు రోజూ సబ్బునీటితో కడగాలి.

తక్కువ రకమని తేలితే వేరే దారులున్నాయి. కింది దవడను కాస్త ముందుకు పట్టి ఉంచే పళ్ళ క్లిప్పు డెంటల్ డాక్టర్లు చేస్తారు. కొందరికి ఆపరేషన్ పనికొస్తుంది. వెల్లకిలా పడుకుంటేనే ఎక్కువయ్యేవాళ్ళకు బనియన్ వీపు మీద జేబు కుట్టి అందులో టెన్నిస్ బంతి పెడితే పక్కకు తిరిగి పడుకుంటారు. ఆ జేబు నీకు అయిదు నిమిషాల పని. పొట్ట తగ్గించడం మాత్రం ఏ రకానికైనా పనికొస్తుంది, బరువులో పదో వంతు తగ్గినా ఊపిరి ఆగే లెక్క పాతిక శాతం దాకా దిగుతుంది. బరువు తగ్గించే టిర్జెపటైడ్ సూదిని కూడా 2024 చివర్లో అమెరికాలో ఈ జబ్బుకు ఒప్పుకున్నారు, లావు బాగా ఉన్నవాళ్ళకు. మీ ఆయనకు దాని అవసరం పడేట్టు లేదు.

ఆ నిద్రగోలీల గురించి కొంచెం గట్టిగానే చెప్పాలి. ఆ గోలీ చాలా వరకు గొంతు కండరాలను ఇంకా సడలిస్తుంది, ఊపిరి ఆగినప్పుడు లేపే మెదడును జోకొడుతుంది. ఊపిరి ఆగే మనిషికి అది ఇవ్వడం బ్రేకు తక్కువున్న బండికి ఘాట్‌లో న్యూట్రల్ వేయడం. ఎన్నాళ్ళుగా వేసుకుంటున్నాడో నువ్వు రాయలేదు. నెలల తరబడి రోజూ వేసుకుంటుంటే ఒక్కసారిగా ఆపేయడం కూడా మంచిది కాదు, అట్ట తీసుకెళ్ళి డాక్టర్‌కు చూపించి ఆయన చెప్పినట్టు తగ్గించండి. తాగుడు కూడా గొంతును ఇట్లాగే సడలిస్తుంది. పెగ్గు వేసిన రాత్రి ఎక్కువని నువ్వే కనిపెట్టావు. గోలీ, పెగ్గు రెండూ ఒకే రాత్రి పడితే అంతకన్నా ప్రమాదం లేదు.

ఇదంతా పెద్ద మాటలుగా అనిపిస్తే, హిందీ సినిమా సంగీత దర్శకుడు బప్పీ లహరి పోయినప్పుడు పేపర్లలో వచ్చింది ఆయనకు గుర్తుచేయి. 2022 ఫిబ్రవరి అది. ఛాతీ ఇన్ఫెక్షన్లతో పాటు ఈ స్లీప్ ఆప్నియా పేరే డాక్టర్లు చెప్పారు.

చిన్నోడి గురించి ఉత్తరం చివర్లో ఒక ముక్క రాసి వదిలేశావు. తండ్రి కంటే ముందు వాడినే తీసుకెళ్ళినా తప్పులేదు. పిల్లలు రోజూ గురక పెట్టడం పోలిక కాదు. ముక్కు వెనక ఉండే అడినాయిడ్స్, గొంతులో టాన్సిల్స్ వాచి దారి మూసేస్తే వాళ్ళకు ఇట్లా అవుతుంది. పెద్దవాళ్ళలా పగలు కునకరు. ఎగిరి దూకుతారు, ఒక చోట కూర్చోరు, చదువు మీద ధ్యాస నిలవదు, పక్క తడుపుతారు, నిద్రలో చెమటలు పడతాయి. బడిలో అల్లరివాడని తేల్చేస్తారు. నేనూ అట్లా తేల్చినదాన్నే, నోరు తెరుచుకుని క్లాసులో కూర్చునే పిల్లల్ని ఎంతమందిని బెంచీ ఎక్కించానో ఇప్పుడు తలుచుకుంటే బాధేస్తుంది. పిల్లల్లో గంటకు ఒక్కసారి ఊపిరి ఆగినా లెక్కలోకే వస్తుంది. ఈఎన్‌టీ డాక్టర్ చూసి అవసరమైతే అడినాయిడ్స్, టాన్సిల్స్ తీసేస్తారు, చాలామంది పిల్లలకు దాంతోనే తగ్గిపోతుంది. వాడి వీడియో కూడా తియ్యి.

తీసేటప్పుడు రెండు నిమిషాలు ఫ్యాన్ ఆపేయి. మా ఆయన మొదటి రాత్రి తీసిన దాంట్లో ఫ్యాన్ చప్పుడు తప్ప ఏమీ వినబడలేదు. నేను చూసింది రెండో రాత్రిదని తర్వాతెప్పుడో చెప్పాడు.